మిద్దె లోపలి ఫొటోలు: నిలువు గీతలు, గవాచి వెలుతురు (ప్రాజెక్టు డైరీ)

కర్నూలు పాతబస్తీలో మా జేజి కాపురమున్న రాతిమిద్దెను వచ్చే ఏడాది విప్పేసి కొత్త ఇల్లు కట్టాలని ఇంటిల్లిపాదీ నిశ్చయించారు. అంతలోపు మొగసాల (వాకిటి గది), పడసాల (స్తంభాల సాల), మధ్యగది, దేవుడి గది, వంటిల్లు, అటక, ఈ ఆరు చోట్లా కలిపి పద్దెనిమిది ఫొటోలు, పెద్దవి చేయించి గోడకు వేలాడదీసుకోగలిగేటట్టు తీయాలన్నది నా పని. ఇటువంటి ఇళ్ళు మన వైపు ఇంకా చాలా ఉన్నాయి, అవి కూడా ఒక్కొక్కటే పోతున్నాయి. అందుకని నేను చేసిన తప్పులు మరొకరు చేయకుండా ఉండేందుకు కొలతలతో సహా రాసి పెడుతున్నాను.

వాడిన సరంజామా: 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సరు కెమెరా (ఫొటో కొలత 6000 × 4000 పిక్సెళ్ళు, సెన్సరు ఎత్తు 14.9 మిల్లీమీటర్లు), 10–18 మిల్లీమీటర్ల వైడ్ లెన్సు, ట్రైపాడ్, ఒక ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరు. ఫొటోలు సరిచేయడానికి ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. ఫొటోలన్నీ రా ఫార్మాట్‌లోనే (కెమెరా సవరించని ముడి ఫైళ్ళుగా) తీశాను.

ఒకటో దశ: మొదటి విడత ఎందుకు పనికిరాలేదు

మొదటి రోజు 64 ఫ్రేములు తీశాను. వాటిలో ఒక్కటి కూడా ఉంచుకోదగినది కాదు. ఎందుకు బాగాలేవో కంటికి తెలుస్తూనే ఉంది, కానీ ఎంత బాగాలేవో తెలియకపోతే ఏది ముందు సరిచేయాలో తెలియదు కాబట్టి కంప్యూటరు మీద కొలిచాను.

1. పడసాలలో ఎదురెదురుగా ఉన్న రెండు టేకు స్తంభాల మధ్య దూరం అడుగున 3120 పిక్సెళ్ళు, పైన 2746 పిక్సెళ్ళు. అంటే పైకి పోయేసరికి 374 పిక్సెళ్ళు, సుమారు 12 శాతం, దగ్గరపడ్డాయి.
2. ఒకే సున్నపు గోడ తలుపు పక్కన నీలంగా, బల్బు కింద పసుపుగా, ట్యూబులైటు దగ్గర ఆకుపచ్చ జీరతో మూడు రంగుల్లో కనిపించింది.
3. గవాచి (వెలుతురు కోసం పైకప్పులో ఉంచిన అద్దపు కంత) కింద పడిన ఎండ మచ్చలో బండ రూపురేఖలే లేవు, తెల్లకాగితంలా ఉంది. అదే ఫొటోలో గాదె ఉన్న మూల పూర్తిగా నలుపు.

స్తంభాలు లోపలికి వాలడానికి కారణం లెన్సు కాదు. దూలాలూ, దంతెలూ (దూలాల మీద అడ్డంగా వేసిన సన్నటి కర్రలు) ఫొటోలో పడాలని నేను కెమెరాను పైకి ఎత్తిపట్టాను. సెన్సరు గోడకు సమాంతరంగా లేకపోతే ఎంత మంచి లెన్సు పెట్టినా నిలువు గీతలు ఒక చోటికి పోగవుతాయి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సరిచేయవచ్చన్న ధైర్యంతోనే అలా తీశాను. సరిచేశాక తెలిసిందేమిటంటే, 6000 పిక్సెళ్ళ వెడల్పులో 5100 మాత్రమే మిగిలాయి, పైభాగాన్ని సాగదీసినందువల్ల దంతెల చెక్క మీది నారలు మసకబారాయి, ఏ దూలం కోసం కెమెరాను ఎత్తానో ఆ దూలం కొసలు రెండూ ఫ్రేము బయటికి పోయాయి. సాఫ్ట్‌వేర్ చేయగలిగినది చివరి ఒకటి రెండు డిగ్రీల సవరణ మాత్రమేనని, మిగిలినదంతా ట్రైపాడ్ దగ్గరే తేలాలని నాకు అప్పుడే స్పష్టమైంది.

ఇప్పటివరకు: ఫ్రేములు 64, ఉంచుకున్నవి 0, ఖర్చు 0.

రెండో దశ: కెమెరాను మట్టం చేయడం

నా కెమెరాలో మట్టం చూపించే సదుపాయం లేదు. ఫ్లాష్ బిగించే గాడిలో దూర్చే చిన్న బుడగ రసమట్టం 280 రూపాయలకు కొన్నాను. ట్రైపాడ్ తల మీద ఉండే బుడగను మొదట నమ్మాను. దాన్ని మేస్త్రీ రసమట్టంతో పోల్చి చూస్తే ఒక డిగ్రీకి పైగా తేడా చూపించింది కనుక దాన్ని పక్కన పెట్టాను. మీరు కూడా కొన్న బుడగను ఒకసారి చదునైన బండ మీద పెట్టి, తర్వాత దాన్నే అటుదిటు తిప్పి పెట్టి చూడండి. రెండుసార్లూ బుడగ ఒకే చోట నిలిస్తేనే అది సరైనది.

కెమెరాను మట్టంగా పెడితే పైకప్పు తెగిపోతుందన్నది అందరికీ వచ్చే ఇబ్బంది. దీనికి ముందే లెక్క వేసుకోవచ్చు. సెన్సరు ఎత్తులో సగాన్ని (7.45) లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద మిల్లీమీటర్లలో ఉండే అంకె) భాగించి, ఎదుటి గోడ దూరంతో గుణిస్తే, కెమెరా ఎత్తు నుంచి ఇంకా ఎన్ని అడుగులు పైకి కనిపిస్తుందో తెలుస్తుంది. మా పడసాలలో ఎదుటి గోడ 14 అడుగుల దూరం, పైకప్పు ఎత్తు 13 అడుగులు.

1. కెమెరా ఎత్తు నాలుగున్నర అడుగులు, 14 మిల్లీమీటర్లు: 7.45 ÷ 14 × 14 = 7.45. మొత్తం 11.95 అడుగులు. దూలం తెగింది.
2. అదే ఎత్తు, 12 మిల్లీమీటర్లు: 7.45 ÷ 12 × 14 = 8.7. మొత్తం 13.2 అడుగులు. దూలం పడింది.
3. అదే ఎత్తు, 10 మిల్లీమీటర్లు: 10.4. మొత్తం 14.9 అడుగులు. అవసరానికి మించి పడింది.

పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. ఇలా తీస్తే కింద నేల కావలసినదానికంటే ఎక్కువ వస్తుంది కాబట్టి తర్వాత అడుగున 600 పిక్సెళ్ళు కత్తిరించాను. ఆర్కిటెక్చర్ ఫొటోగ్రాఫర్లు వాడే ఖరీదైన షిఫ్ట్ లెన్సు చేసేది కూడా ఇంచుమించు ఇదే: కెమెరాను వంచకుండా, పెద్ద బింబంలో పైభాగాన్ని మాత్రం తీసుకోవడం. మనకు కొన్ని పిక్సెళ్ళు పోతాయి, గీతలు మాత్రం నిటారుగా ఉంటాయి.

కెమెరా ఎత్తు గురించి ఒక మాట. మొదట కంటి ఎత్తులో, అయిదున్నర అడుగుల దగ్గర పెట్టాను. ఈ ఇళ్ళ ద్వారబంధాలు పొట్టివి, వంగి లోపలికి పోవలసినవి. కంటి ఎత్తు నుంచి తీస్తే పైగడప కెమెరాకు సమానంగా వచ్చి, ద్వారం నేలలో కూరుకుపోయినట్టు కనిపించింది. నాలుగున్నర అడుగులకు దించాక ద్వారం తన ఎత్తులో తాను నిలబడింది.

పది మిల్లీమీటర్ల దగ్గర తీసిన ఫొటోల్లో ఇంకో తప్పు దొర్లింది. ఫ్రేము అంచు దగ్గర ఉన్న రాగి కాగు కోడిగుడ్డులా సాగింది. నిజంలో దాని వెడల్పూ ఎత్తూ సమానం. ఫొటోలో 610 పిక్సెళ్ళ వెడల్పు, 470 పిక్సెళ్ళ ఎత్తు వచ్చింది. కెమెరా ఎంత మట్టంగా ఉన్నా వైడ్ లెన్సు అంచుల దగ్గర గుండ్రటి వస్తువులను సాగదీస్తుంది, దానికి సాఫ్ట్‌వేర్‌లో మంచి మందు లేదు, ఎందుకంటే కాగును గుండ్రంగా చేయబోతే గోడ గీతలు వంగుతాయి. కాగును ఫ్రేము మధ్యకు జరిపి, 12 మిల్లీమీటర్ల దగ్గర మళ్ళీ తీస్తే 505 × 468 వచ్చింది. ఆ మాత్రం తేడా కంటికి పట్టదు. కనుక కుండలు, కాగులు, గంగాళాలు, గుండ్రటి పీటలు ఏవైనా అంచుల్లో ఉండనివ్వకండి. అంచుల్లో గోడ, ద్వారబంధం, చాప వంటి తిన్నని వస్తువులు ఉంటే చాలు.

ఫోకస్ విషయం త్వరగా తేలింది. పన్నెండు మిల్లీమీటర్లు, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర మూడడుగులకు కొంచెం అవతల ఫోకస్ పెడితే అడుగున్నర నుంచి చివరి గోడ దాకా అంతా స్పష్టంగా వచ్చింది. ఎఫ్/16 కూడా ప్రయత్నించాను. అంచుల స్పష్టత పెరగకపోగా మొత్తం ఫొటో కొంచెం మెత్తబడింది.

ఇప్పటివరకు: ఫ్రేములు 105, ఉంచుకున్నవి 2, ఖర్చు 280 రూపాయలు.

మూడో దశ: గోడే నిటారుగా లేనప్పుడు

కెమెరా మట్టంగా ఉంది, బుడగ నడిమధ్యన ఉంది. అయినా మధ్యగది ఫొటోలో స్తంభాలు కొంచెం లోపలికి వాలినట్టే కనిపించాయి. డార్క్‌టేబుల్‌లోని పర్‌స్పెక్టివ్ సవరణను (వాలిన గీతలను నిటారు చేసేది) ఆటోమేటిక్‌లో నడిపితే వాలు తగ్గలేదు సరికదా, పెరిగింది. రెండు రోజులు లెన్సును అనుమానించాను. తప్పు లెన్సులో లేదు.

పక్క వీధిలో పనిచేస్తున్న మేస్త్రీ దగ్గర గుండుదారం అడిగి తెచ్చి గోడకు వేలాడదీశాను. నేల దగ్గర దారానికీ గోడకూ మధ్య ఒక అంగుళం ఉంటే, పది అడుగుల ఎత్తున మూడుంబావు అంగుళాలు ఉంది. పాతకాలపు రాతిగోడ కింద మందంగా, పైకి పోయేకొద్దీ సన్నంగా కట్టినందువల్ల ఒక్కో గోడ ఒక డిగ్రీకి కాస్త పైగా వెనక్కి వాలి ఉంది. రెండు వైపులా కలిపితే రెండు డిగ్రీలు. టేకు స్తంభాలు మాత్రం గుండుదారంతో చక్కగా కలిసిపోయాయి. సాఫ్ట్‌వేర్‌కు ఏది గోడో ఏది స్తంభమో తెలియదు. పొడవైన గీతలు గోడలవి కాబట్టి వాటినే నిటారు చేయబోయి, నిజంగా నిటారుగా ఉన్న స్తంభాలను లోపలికి వంచేసింది. అపార్ట్‌మెంటుల్లో ఆటోమేటిక్ సవరణ బాగా పనిచేస్తుంది, పాత మిద్దెల్లో దాన్ని నమ్మకూడదు.

అప్పటినుంచి ప్రతి గదిలోనూ ఈ పద్ధతి పాటించాను:

1. ట్రైపాడ్ బిగించి, బుడగ చూసి, ఫ్రేము ఖరారు చేసుకోవాలి.
2. ఎర్ర నైలాన్ దారాలు రెండింటిని, ఎడమ ఒకటి, కుడి ఒకటి, దూలం నుంచి గుండ్లతో వేలాడదీయాలి.
3. గుండ్లను నీళ్ళ బకెట్లలోకి దించాలి. ఫ్యాను ఆపినా దారం చాలాసేపు ఊగుతూనే ఉంటుంది, నీళ్ళలో ఉంటే అర నిమిషంలో నిలుస్తుంది.
4. దారాలతో ఒక ఫ్రేము తీయాలి.
5. ట్రైపాడ్‌ను తాకకుండా దారాలూ బకెట్లూ తీసేసి, అసలు ఫ్రేములు తీయాలి.
6. డార్క్‌టేబుల్‌లో దారాల ఫ్రేము మీద ముందు లెన్సు సవరణ, ఆ తర్వాత దారాల వెంబడి చేత్తో గీతలు గీసి పర్‌స్పెక్టివ్ సవరణ చేయాలి.
7. అవే సవరణలను మిగిలిన ఫ్రేములకు కాపీ చేయాలి.

లెన్సు సవరణ ముందే చేయమనడానికి కారణముంది. ఈ లెన్సు 12 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేము పై అంచున ఉన్న దూలాన్ని విల్లులా కొంచెం వంచుతుంది. వంగిన గీతను తిన్నని గీతగా నమ్మి కొలిస్తే మిగతా లెక్కంతా తప్పుతుంది.

దారాలు వాడాక స్తంభాల మధ్య పైనా కిందా తేడా 374 నుంచి 4 పిక్సెళ్ళకు వచ్చింది. గోడల వాలు ఫొటోలో కనిపిస్తూనే ఉంది. దాన్ని నేను ఉంచాను. కట్టినవాళ్ళు అలా కట్టారు.

ఇప్పటివరకు: ఫ్రేములు 141, ఉంచుకున్నవి 5, ఖర్చు 310 రూపాయలు (దారం 30).

నాలుగో దశ: వెలుతురు

గది చీకటిగా ఉంటే ఉన్న లైట్లన్నీ వేయడం మన అలవాటు. మొదటి విడతలో అదే చేశాను. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. ట్యూబులైటుది సుమారు 6500 కెల్విన్ల తెల్లటి వెలుగు, పాత బల్బుది 2700 కెల్విన్ల పసుపు, తలుపులోంచి వచ్చేది ఆకాశపు నీలం. వీటిలో దేనికి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేటట్టు చేసే రంగు సర్దుబాటు) సరిచేసినా మిగతా రెండూ తప్పు రంగులో మిగులుతాయి. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీ లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. 1/250 షట్టర్‌తో తీసిన ఫొటోల్లో గోడ మీద అడ్డంగా నల్ల చారలు వచ్చాయి. ఆ లైట్లే వేయక తప్పని చోట షట్టర్‌ను 1/100 గానీ 1/50 గానీ పెట్టాలి, లేదా ఇంకా నెమ్మది చేయాలి.

రెండో విడత నుంచి లైట్లన్నీ ఆపేశాను. రంగు సమస్య తొంభై శాతం అక్కడితో తీరింది. ఇక మిగిలింది చీకటి.

ఐఎస్ఓ (సెన్సరు వెలుతురును పట్టే చురుకు) 100, ఎఫ్/8 దగ్గర షట్టర్ తెరిచి ఉంచవలసిన సమయం గవాచి కింది ఎండ మచ్చకు 1/250 సెకను, గాదె మూలకు 2 సెకన్లు వచ్చింది. అంటే 500 రెట్లు, సుమారు తొమ్మిది స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). అయిదు ఫ్రేములు వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసి హెచ్‌డీఆర్‌గా (వెలుగూ చీకటీ రెండూ కనిపించే ఒకే ఫొటోగా) కలిపి చూశాను. రెండు కారణాల వల్ల అది చెడింది. మొదటిది, స్తంభాల చుట్టూ తెల్లటి జాడ వచ్చి ఇల్లంతా బూడిద పూసినట్టయింది. రెండోది, సెట్టింగులు మార్చుకుంటూ, మధ్యలో తలుపు సర్దుతూ పది నిమిషాలు తీసుకున్నాను. పదమూడు అడుగుల ఎత్తు గవాచి నుంచి పడే ఎండ మచ్చ, మిట్టమధ్యాహ్నం వేళ, పది నిమిషాల్లో నేల మీద సుమారు ఆరున్నర అంగుళాలు జరుగుతుంది. కలిపిన ఫొటోలో మచ్చ రెండుగా పడింది.

వెలుతురు పెంచడం కంటే ముందు ఎండను మెత్తబరచాలని అప్పుడు తోచింది. మిద్దె ఎక్కి గవాచి అద్దాన్ని తుడిచి, దాని మీద తెల్లటి నూలు పంచెను ఒక మడతలో పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. దిగివచ్చి మళ్ళీ కొలిస్తే గవాచి కింద 1/30 సెకను, గాదె మూలలో 1 సెకను వచ్చింది. తొమ్మిది స్టాపులు అయిదుకు దిగాయి. మూల చీకటి తగ్గడం నేను ఊహించనిది. నేలమీద ఒకే చోట పడుతున్న ఎండ పంచెలోంచి చెదిరి గోడలన్నిటికీ పంచుకున్నట్టయింది. పంచె రెండు మడతలు వేస్తే గది మరీ చప్పబడింది. ఒక్క మడతే సరి. రంగు పంచె, అంచు పంచె వద్దు, ఆ రంగు గదంతా పాకుతుంది.

మిగిలిన అయిదు స్టాపులకు ఫ్లాష్ అవసరమైంది. ఫ్లాష్‌ను పైకప్పుకు కొట్టి వెలుతురు చెదరగొట్టమని అందరూ చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు. మిద్దె పైకప్పంటే పొగచూరిన దంతెలు. వాటికి కొట్టిన వెలుతురులో చాలా భాగం అక్కడే ఇంకిపోయి, తిరిగొచ్చిన కొంచెం గోధుమరంగులో వచ్చింది. గోడకు కొట్టబోతే మధ్యగది గోడకు పిస్తా రంగు వేసి ఉంది, ఇత్తడి సామానంతా పచ్చబడింది. చివరికి మూడు థర్మోకోల్ షీట్లు (210 రూపాయలు) తెచ్చి, కెమెరా వెనక, గవాచి ఉన్న వైపే నిలబెట్టి, ఫ్లాష్‌ను వాటికి కొట్టాను. వెలుతురు సహజంగా ఏ వైపు నుంచి వస్తున్నదో నింపుడు వెలుతురు కూడా ఆ వైపు నుంచే రావాలి. మొదటిసారి ఎదురు వైపున పెడితే స్తంభానికి రెండు నీడలు పడి, చూడగానే కృత్రిమమని తెలిసిపోయింది.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఎక్కువగా ఉపయోగపడే సంగతి ఒకటుంది. షట్టర్ వేగం పగటి వెలుతురును మాత్రమే మారుస్తుంది, ఫ్లాష్ శక్తి నింపుడు వెలుతురును మాత్రమే మారుస్తుంది. ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యోవంతో ఇంకా తక్కువో ఉంటుంది కనుక షట్టర్ అర సెకను తెరిచి ఉన్నా, రెండు సెకన్లు తెరిచి ఉన్నా దాని వాటా మారదు. అంచేత ఈ వరసలో చేయాలి:

1. ఫ్లాష్ ఆపి, కిటికీలూ గవాచీ మాడిపోకుండా షట్టర్ వేగం నిర్ణయించుకోవాలి.
2. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో 1/16 శక్తి దగ్గర మొదలుపెట్టి, మూలలు చూస్తూ ఒక్కో మెట్టు పెంచాలి.
3. నచ్చిన చోటికి వచ్చాక ఒక మెట్టు తగ్గించాలి.

మూడో అంకె నేను జేజి దగ్గర నేర్చుకున్నది. మొదట 1/2 శక్తితో తీసి, గాదె మూల స్పష్టంగా వచ్చిందని ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఆమె దగ్గరికి వంగి చూసి, "ఆ మూల ఎప్పుడన్నా ఇంత తెల్లగా ఉండిందా అబ్బీ? దీపం పెడితే గానీ ఆడ గింజ కనపడేది కాదు" అన్నది. ఆ మాట నిజం. గది నాకు తెలిసినట్టు కాక, అమ్మకానికి పెట్టినట్టుగా ఉంది. శక్తిని 1/16కు, అంటే మూడు స్టాపులు దించి మళ్ళీ తీశాను. గాదె గుమ్మటం కనిపిస్తుంది, దాని వెనక చీకటి చీకటిగానే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి గదిలోనూ ఫొటో తీయడానికి ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, ఏది కనిపిస్తున్నదో, ఏది కనిపించడం లేదో కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో ఫొటోను పోల్చాను.

దేవుడి గదిలో మాత్రం నూనెదీపాన్ని ఉంచాను. దీపం వెలుగు 1900 కెల్విన్ల ప్రాంతంలో ఉంటుంది, ఫ్లాష్‌ది 5500. రెండూ కలిపితే దీపం చుట్టూ నారింజ, గోడ మీద నీలం వచ్చింది. ఫ్లాష్ ముందు నారింజరంగు జెల్ కాగితం (షీట్లు 350 రూపాయలు) అంటించాక ఫ్లాష్ 3200 దాకా దిగివచ్చి దీపంతో పొసిగింది. వైట్ బ్యాలెన్స్‌ను 3000 దగ్గర పెట్టి దీపం పసుపును పసుపుగానే ఉండనిచ్చాను.

ఇప్పటివరకు: ఫ్రేములు 229, ఉంచుకున్నవి 11, ఖర్చు 870 రూపాయలు.

అయిదో దశ: వరద గీత

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలులోకి వచ్చినప్పుడు ఈ ఇంట్లో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో మొగసాల గోడ మీద ఇప్పటికీ గీత ఉంది. తర్వాత రెండుసార్లు సున్నం కొట్టినా గీత కింది గచ్చు బొబ్బలెక్కి, పైగచ్చు నున్నగా ఉండటం వల్ల ఆ హద్దు తెలుస్తుంది. టేపు పెట్టి కొలిస్తే నేలనుంచి అయిదడుగుల నాలుగంగుళాలు. ఈ గోడ ఫొటో లేకుండా ఈ పని పూర్తయినట్టు కాదని మొదటినుంచీ అనుకున్నాను.

ఎదురుగా తలుపు తెరిచి తీస్తే గీత కనిపించలేదు. ఎదుటి నుంచి పడే వెలుతురు ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. తలుపు మూసి, ఎల్ఈడీ లైటును గోడకు అడుగు ఎడంగా, గోడ వెంబడి ఏటవాలుగా కొట్టేటట్టు పెట్టాను. గచ్చు మీది ప్రతి బొబ్బకూ ఒక నీడ వచ్చి గీత స్పష్టంగా లేచింది. కానీ లైటు గోడ మొదలుకు రెండడుగుల దూరంలో ఉండగా గోడ చివర ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. దూరం నాలుగు రెట్లయితే వెలుతురు పదహారో వంతు అవుతుంది. గోడ ఒక కొస తెల్లగా మాడి, రెండో కొస నల్లబడింది.

లైటు శక్తి పెంచితే ఇది తీరదు, దూరం పెంచాలి. లైటును మొగసాల బయట, గోడ దగ్గరి కొసకు పది అడుగుల దూరంలో పెట్టాను. దూరపు కొస అప్పుడు పదహారు అడుగులు. తేడా రెండున్నర రెట్లకు, ఒకటిన్నర స్టాపు లోపుకు, తగ్గింది. షట్టర్ 4 సెకన్లు పెట్టవలసి వచ్చింది, ట్రైపాడ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

గోడను ఎదురుగా చదునుగా తీసేటప్పుడు కెమెరా ఎడమకో కుడికో తిరిగి ఉంటే అడ్డగీత వాలుతుంది. దీనికి 40 రూపాయల చేతి అద్దం సరిపోతుంది. అద్దాన్ని గోడకు చదునుగా ఆనించి, కెమెరా తెర మీద చూస్తూ, అద్దంలో లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యకు వచ్చేదాకా ట్రైపాడ్ జరపాలి. అప్పుడు సెన్సరు గోడకు సమాంతరంగా ఉన్నట్టే. ఈ ఒక్క ఫొటోలో బుడగనూ గుండుదారాన్నీ పక్కన పెట్టి అద్దాన్నే నమ్మాను, ఎందుకంటే ఇక్కడ గది ఆకారం కాదు, గోడ ముఖం ముఖ్యం. టేపును గోడమీదే ఉంచి ఒక ఫ్రేము, తీసేసి మరొకటి తీశాను.

ఇప్పటివరకు: ఫ్రేములు 256, ఉంచుకున్నవి 13, ఖర్చు 910 రూపాయలు.

ఆరో దశ: వంటిల్లు, కడప బండ

వంటింట్లో నేలా గట్టూ నునుపైన కడప నల్లబండలే. పడమటి కిటికీ వాటిలో అద్దంలోలాగా మెరిసి, పొయ్యికీ రోలుకూ మధ్య తెల్లటి పలకలా పడింది. మిత్రుడి దగ్గర పోలరైజింగ్ ఫిల్టరు అడిగి తెచ్చాను. మామూలు లెన్సు మీద అది బండ మెరుపును చక్కగా తగ్గిస్తుంది. వైడ్ లెన్సు మీద మాత్రం బండ నడుమ మెరుపు పోయి, రెండు అంచుల్లో అలాగే ఉండిపోయింది. ఫిల్టరు ఒక కోణంలో వచ్చే ప్రతిబింబాన్నే బాగా ఆపగలదు, ఈ లెన్సేమో ఒకే ఫ్రేములోకి అనేక కోణాలను తెస్తుంది. పైగా మెరుపు పూర్తిగా పోయిన చోట నల్లబండ బొగ్గుపొడి పరిచినట్టు కనిపించింది. కడప బండకు ఆ తడి మెరుపే అందం, దాన్ని తీసేయాలనుకోవడమే తప్పు.

ఫిల్టరు తిరిగి ఇచ్చేసి రెండు మార్పులు చేశాను. ఉదయం పూట పడమటి కిటికీలో ఎండ ఉండదు కాబట్టి సాయంత్రం మాని తొమ్మిదికి తీశాను. కెమెరా ఎత్తును నాలుగున్నర అడుగుల నుంచి అయిదడుగుల రెండంగుళాలకు, మట్టం చెడకుండా, పెంచాను. ఎత్తు మారితే ప్రతిబింబం నేల మీద జరుగుతుంది. తెల్ల పలక పొయ్యి ముందునుంచి ఖాళీ నేల మీదికి వచ్చి, అక్కడ తడిపి తుడిచిన బండ మీద మెరుపులా ఒదిగింది. గట్టు ఫొటోలు రెండు కుదిరాయి. పొయ్యి ఫొటో ఇంకా కుదరలేదు: పొగచూరిన గోడ ముందు నల్లటి పొయ్యి విడిగా తెలియడం లేదు. పొయ్యి పక్కనుంచి, వరద గోడకు పెట్టినట్టే ఏటవాలు వెలుతురు పెట్టి చూడాలి.

ఇప్పటివరకు: ఫ్రేములు 287, ఉంచుకున్నవి 15, ఖర్చు 910 రూపాయలు.

ఏడో దశ: పంచె తీసేసి తీసిన ఒక్క ఫొటో

మే మొదటి వారంలో కర్నూలులో సూర్యుడు మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు గవాచిలోంచి ఎండ నిలువుగా, గుండుదారం వేలాడినట్టు, పడసాల మధ్య బండ మీదికి దిగుతుంది. పద్దెనిమిది ఫొటోల్లో ఒకటి ఇదే ఉండాలని పంచె తీసేశాను.

ఎండ ధార గాలిలో కనిపించాలంటే దాన్ని పట్టే పొగ కావాలి. సాంబ్రాణి వేశాము. మొదటి రోజు ధార దిగాక వేశాను, పొగ గదంతా కమ్మి స్తంభాలే మసకబారాయి. అది పలచబడేలోగా ధార నాలుగంగుళాలు జరిగిపోయింది. రెండో రోజు ఇలా చేశాను:

1. పన్నెండు గంటలకు ట్రైపాడ్, బుడగ, దారాల ఫ్రేము పూర్తి.
2. పన్నెండూ అయిదుకు ధూపం వేసి, తలుపులు మూసి, పొగ పుష్కలంగా లేచాక ధూపపాత్రను వంటింట్లోకి తీసేయడం.
3. పన్నెండూ పన్నెండుకు మొగసాల తలుపు ఒక రెక్క జానెడు తెరవడం. పొగ కిందినుంచి పలచబడి, దూలాల దగ్గర మిగులుతుంది.
4. పన్నెండూ పదిహేనుకు రెండు ఫ్రేములు: 1/125 సెకను ధార కోసం, అర సెకను గది కోసం. మధ్యలో నాలుగు సెకన్లకు మించి తీసుకోలేదు.
5. హెచ్‌డీఆర్ వాడకుండా, గది ఫ్రేము మీద ధార, మచ్చ ఉన్న చోట మాత్రమే మాస్క్ గీసి 1/125 ఫ్రేమును కలపడం.

ఫ్లాష్ వాడలేదు. ఈ వేళప్పుడు ఆ బండ మీది మచ్చ తిరిగి కొట్టే వెలుతురే గదికి సరిపోయింది. గాదె మూల చీకటిలోనే ఉంది.

మొత్తం: ఫ్రేములు 309, ఉంచుకున్నవి 16, ఖర్చు 910 రూపాయలు. మిగిలినవి రెండు: పొయ్యి, అటక. అటకలో ట్రైపాడ్ నిలబెట్టే ఎత్తు లేదు. కెమెరాను ఇసుక సంచి మీద పెట్టి, బుడగ చూసి తీయాలని వచ్చే ఆదివారానికి సంచి కుట్టించి పెట్టాను.